ఆటోస్టార్టర్ పెట్టిన రైతు సాగు మానేశాడా?

ప్రోగ్రాం రాస్తే తప్ప ముందుకు కదలని కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో తుపాకులు పేల్చడం, కార్లు తోలడం ఉండదు. ఆటగాడు స్క్రిప్టు రాస్తాడు, ఆ స్క్రిప్టు ఆడుతుంది. కొన్నాళ్లకు అతనికి ఇంకో ఉపాయం తడుతుంది. ప్రతి స్క్రిప్టునూ నేనే చేత్తో మొదలుపెట్టడం దేనికి, ఒక స్క్రిప్టు చేత మిగతావాటిని నడిపిస్తే పోలా అని. ఆ రోజు నుంచే చుట్టూ ఉన్నవాళ్ల సణుగుడు మొదలవుతుంది. “అదే ఆడుకుంటాండాదే, ఇంగ నువ్వేం జేస్తాండావు?” లేపాక్షి, హిందూపురం, చిలమత్తూరు వైపు ఇళ్లలో అయితే ఈ యాసలో అడుగుతారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్నయ్య అయితే ఇంగ్లీషు కలిపి అడుగుతాడు. భావం ఒకటే.

ఈ భావం వెనక మూడు వాదనలున్నాయి. ఒకటి: స్క్రిప్టే స్క్రిప్టును నడిపితే ఆటగాడి పని అయిపోయినట్టే, ఇక నేర్చుకునేది లేదు. రెండు: అన్ని పనులూ చేసే ఒక్క స్క్రిప్టు ఉంటే చాలు, దాన్ని ముక్కలు చేసి ఒకదానితో ఒకటి పిలిపించుకోవడం అనవసరపు ఆర్భాటం. మూడు: ఆటలో నేర్చింది అసలు పనిలో అక్కరకు రాదు. మూడూ తప్పే. ఎందుకు తప్పో ఊరికే అనడం కాదు, లెక్కలతో చూద్దాం.

బిట్‌బర్నర్ అనే ఆటను తీసుకుందాం. ఉచితం. సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంది. బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ చాలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో 2021 డిసెంబరులో విడుదలైంది. కథ 2077లో జరుగుతుంది. ఆటగాడు జావాస్క్రిప్టులో ప్రోగ్రాములు రాసి, ఆటలోనే ఉన్న కల్పిత సర్వర్ల నుంచి డబ్బు లాగాలి. హ్యాకింగ్ అన్న మాట చూసి హడలిపోయే పెద్దలకు ఒక్క మాట: ఆ సర్వర్లు బయట ఎక్కడా లేవు, ఆ డబ్బు ఆట దాటి రాదు.

ఆటగాడికి మొదట ఇచ్చే సొంత కంప్యూటర్‌లో మెమరీ 8 జీబీ. ప్రతి స్క్రిప్టూ ఊరికే నడవడానికే 1.6 జీబీ తింటుంది. అందులో వాడే ప్రతి ఆదేశానికీ విడిగా ధర ఉంది. డబ్బు లాగే హ్యాక్ ఆదేశం 0.1 జీబీ. ఖాళీ అయిన సర్వర్లో డబ్బు పెంచే గ్రో 0.15. పెరిగిన భద్రతను తగ్గించే వీకెన్ 0.15. డబ్బెంత ఉంది, భద్రత ఎంత ఉంది అని అడిగి తెలుసుకునే ఆదేశాలు ఒక్కొక్కటీ 0.1. ఇక మన వివాదానికి మూలమైనవి మూడు. తానున్న కంప్యూటర్లోనే ఇంకో స్క్రిప్టును మొదలుపెట్టే రన్ ఆదేశం 1 జీబీ. వేరే సర్వర్లో మొదలుపెట్టే ఎగ్జెక్ 1.3 జీబీ. తాను ఆగిపోయి తన చోట ఇంకొకదాన్ని మొదలుపెట్టే స్పాన్ 2 జీబీ. గమనించండి, ఇంకొకరిని పనిలోకి దించడం ఈ ఆటలో చాలా ఖరీదైన పని. ఊరికే సుఖపడేందుకు ఇచ్చిన వెసులుబాటే అయితే ఆట రూపకర్త దానికి ఇంత ధర ఎందుకు పెడతాడు?

ముందు రెండో వాదన సంగతి తేలుద్దాం. ఒక్క స్క్రిప్టే చాలనేవాళ్లు రాసే ప్రోగ్రాం ఇలా ఉంటుంది: భద్రత ఎక్కువగా ఉంటే తగ్గించు, డబ్బు తక్కువగా ఉంటే పెంచు, రెండూ సరిపోతే లాగు, మళ్లీ మొదటికి రా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ధర లెక్కేస్తే మూలధర 1.6, మూడు పనులకు 0.4, పరిస్థితి తెలుసుకునే నాలుగు ఆదేశాలకు 0.4, మొత్తం 2.4 జీబీ. ఈ ధర ఒక్క థ్రెడ్‌కు, అంటే ఆ పని చేసే ఒక్క చేతికి. థ్రెడ్లు పెంచితే ధర అన్ని రెట్లు అవుతుంది. 16 జీబీ సర్వర్లో దీన్ని పెడితే ఆరు థ్రెడ్లు పడతాయి, ఏడోదానికి చోటు లేదు.

ఇప్పుడు అదే పనిని విడగొడదాం. వీకెన్ ఒక్కటే చేసే చిన్న స్క్రిప్టు 1.75 జీబీ. గ్రో ఒక్కటే చేసేది 1.75. హ్యాక్ ఒక్కటే చేసేది 1.7. పరిస్థితి చూసి ఏది ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని థ్రెడ్లతో నడవాలో నిర్ణయించే స్క్రిప్టు వేరే ఉంటుంది. ఎగ్జెక్‌తో కలిపి దాని ధర 3.3 జీబీ. అది సొంత 8 జీబీ కంప్యూటర్లో ఒకే ఒక్కటి ఉంటే చాలు. అప్పుడు ఆ 16 జీబీ సర్వర్లో ఆరుకు బదులు తొమ్మిది థ్రెడ్లు పడతాయి. అదే సర్వరు, అదే మెమరీ, పనిచేసే చేతులు ఒకటిన్నర రెట్లు. ఒక్క స్క్రిప్టు పద్ధతిలో ప్రతి థ్రెడ్డూ ఆలోచించే భారాన్ని కూడా మోస్తోంది. ఆలోచన ఒకచోట జరిగితే చాలు, పని మాత్రం వందచోట్ల జరగాలి. ఇంత సంగతి ఈ చిన్న లెక్కలో ఉంది.

అంతటితో అయిపోలేదు. హ్యాక్ చేసే ప్రతి థ్రెడ్డూ సర్వర్ భద్రతను 0.002 పెంచుతుంది, గ్రో చేసేది 0.004 పెంచుతుంది. వీకెన్ చేసేది 0.05 తగ్గిస్తుంది. అంటే పాతిక హ్యాక్ థ్రెడ్లు చేసిన చెరుపును ఒక్క వీకెన్ థ్రెడ్ సరిచేస్తుంది. మూడు పనులకూ కావలసిన థ్రెడ్లు ఒకే సంఖ్యలో ఉండవన్నమాట. అన్నీ ఒకే స్క్రిప్టులో కుక్కినవాడు ఆరు థ్రెడ్లు ఇస్తే మూడు పనులకూ ఆరే. ఏ పనికి ఎన్ని చేతులు కావాలన్న ప్రశ్నే అతని ప్రోగ్రాంలో పుట్టదు.

కాలం లెక్క ఇంకా సొగసైనది. హ్యాక్ ముగియడానికి 10 సెకన్లు పడితే అదే సర్వర్‌పై గ్రోకు 32, వీకెన్‌కు 40 సెకన్లు పడుతుంది. ఒక్క స్క్రిప్టు వీటిని ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ కూర్చుంటుంది. విడగొట్టినవాడు అన్నిటినీ లెక్కతో వదులుతాడు. ముందు హ్యాక్ ముగియాలి, వెంటనే దాని చెరుపును సరిచేసే వీకెన్ ముగియాలి, తర్వాత గ్రో, ఆ తర్వాత ఇంకో వీకెన్. అలా ముగియాలంటే 40 సెకన్ల వీకెన్లను ముందే వదలాలి, గ్రోను కొన్ని సెకన్లు ఆగి వదలాలి, అందరికన్నా ముందు ముగియాల్సిన హ్యాక్‌ను అందరికన్నా చివర వదలాలి. కాగితం, పెన్సిలు లేకుండా ఈ లెక్క కుదరదు. నువ్వేం చేస్తున్నావని అడిగేవాళ్లు ఒకసారి ఆ కాగితం చూడాలి.

ఇక మొదటి వాదన. స్క్రిప్టు స్క్రిప్టును నడిపితే మనిషి పని అయిపోయిందట. నిజానికి మనిషి పని అక్కడే మొదలవుతుంది. ఒకే స్క్రిప్టు రాసేటప్పుడు అది తప్పితే కళ్లముందే ఆగిపోతుంది, ఎర్రటి అక్షరాలు కనబడతాయి. ఒకటి ఇంకొకదాన్ని మొదలుపెట్టేటప్పుడు తప్పు నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎగ్జెక్ ఆదేశం విజయవంతమైతే కొత్త స్క్రిప్టుకు కేటాయించిన సంఖ్యను తిరిగి ఇస్తుంది. కుదరకపోతే సున్నా ఇస్తుంది. అరవదు, ఆగదు, సున్నా ఇచ్చి ఊరుకుంటుంది. ఆ సున్నాను చూడనివాడి ప్రోగ్రాం పని జరుగుతోందన్న భ్రమలో గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

సున్నా ఎందుకొచ్చింది? అవతలి సర్వర్లో మెమరీ చాలలేదా? అక్కడికి ప్రవేశమే దొరకలేదా? అసలు ఆ స్క్రిప్టు ఫైలు ఆ సర్వర్లో ఉందా? ఇక్కడున్న ఫైలు అక్కడ దానంతటదే ప్రత్యక్షం కాదు, ముందు కాపీ చేసి పంపాలి. దానికి వేరే ఆదేశం, వేరే 0.6 జీబీ. ఫైలు వెళ్లింది సరే, ఏ సర్వర్‌పై పనిచేయాలో దానికి చెప్పావా? నీ మనసులో ఉన్నది దానికి తెలియదు, విలువలుగా అందిస్తేనే అందుతుంది. అందించావు సరే, అదే పని మీద ఇంతకుముందే ఒకటి నడుస్తోందేమో చూశావా? ఇన్ని ప్రశ్నలు ఎదురైనవాడిని పని లేనివాడనడం అన్యాయం.

మొదలుపెట్టే మూడు పద్ధతుల మధ్య తేడా కూడా పేరుకున్నది కాదు. రన్ వాడితే పిలిచినదీ పిలిపించుకున్నదీ రెండూ ఒకే చోట బతకాలి, మెమరీ ఇద్దరికీ చాలాలి. ఎగ్జెక్ వాడితే ఇల్లు వేరు, కాబట్టి ఆ ఇంట్లో చోటు సంగతి ముందే తెలుసుకోవాలి. స్పాన్ వాడితే పిలిచినది ముందు తప్పుకుంటుంది, మామూలుగా పది సెకన్ల తర్వాత కొత్తది లేస్తుంది. కొత్తది లేవకపోతే ఫిర్యాదు అందుకోవడానికి కూడా పాతది ఉండదు. తాను ఉండి చూసుకోవాలా, తప్పుకుని చోటివ్వాలా అన్నది రాసేవాడు తేల్చుకోవాలి. పదిహేడేళ్ల కుర్రాడు 8 జీబీ ఇరుకులో కూర్చుని ఈ నిర్ణయం తీసుకుంటున్నాడు. దీన్ని టైంపాస్ అందామా?

మూడో వాదన అన్నిటికన్నా గట్టిగా వినిపిస్తుంది: ఇదంతా ఆట, అసలు కంప్యూటర్లలో ఇలా ఉండదు. ఉంటుంది. అసలు కంప్యూటర్లు నడిచేదే ఇలా. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఫోర్క్ అనే పిలుపు నడుస్తున్న ప్రోగ్రాంకు నకలు తీస్తుంది, ఎగ్జెక్ అనే పిలుపు ఆ నకలు స్థానంలో కొత్త ప్రోగ్రాంను కూర్చోబెడుతుంది. యాభై ఏళ్లకు పైగా లక్షల సర్వర్లలో జరుగుతున్నది ఇదే. అంత దూరం ఎందుకు, ఆట మానెయ్యమని తిట్టే నాన్న చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. అందులో జైగోట్ అనే ప్రాసెస్ ముందే సిద్ధంగా ఉంటుంది. వాట్సాప్ తెరిచినా, యూట్యూబ్ తెరిచినా, ఆ యాప్ ప్రాసెస్ జైగోట్ నుంచి ఫోర్క్ అయి పుడుతుంది. ఒకటి ఇంకొకదాన్ని మొదలుపెట్టడం పనికిరాని విద్యే అయితే ఆ ఫోన్‌లో ఒక్క యాప్ కూడా తెరుచుకోదు.

ఆటల్లో ఇది కొత్తగా పుట్టిన వింత కూడా కాదు. 1984 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఏ.కె. డ్యూడ్నీ కోర్ వార్ అనే ఆటను పరిచయం చేశాడు. ఒకే మెమరీలో రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చంపుకోవడానికి పోరాడతాయి. తర్వాత ఆ ఆట ప్రమాణాల్లోకి ఎస్‌పీఎల్ అనే ఆదేశం వచ్చింది. దాంతో ఒక ప్రోగ్రాం తనలో నుంచి ఇంకో ప్రాసెస్‌ను పుట్టించగలదు. అయితే మెలిక ఉంది. ఎన్ని ప్రాసెస్‌లు పుట్టించినా ఆ ప్రోగ్రాంకు దక్కే వంతు ఒక్కటే, పుట్టినవన్నీ దాన్నే వరుసగా పంచుకోవాలి. మందిని పెంచితే చావడం కష్టమవుతుంది, కదలిక మందగిస్తుంది. ఎంతమందిని పెంచాలన్న ప్రశ్నకు కోర్ వార్ ఆటగాళ్లు దశాబ్దాలుగా తలలు బద్దలుకొట్టుకుంటున్నారు.

మైన్‌క్రాఫ్ట్ పేరు వినని పిల్లలు లేరు. 2017లో వచ్చిన 1.12 వెర్షన్ నుంచి దాని జావా ఎడిషన్‌లో ఆదేశాలను ఒక ఫంక్షన్ ఫైలుగా రాసుకోవచ్చు, ఒక ఫంక్షన్ నుంచి ఇంకొకదాన్ని పిలవచ్చు. ఆ పిలుపుల గొలుసు అంతు లేకుండా సాగకుండా మామూలుగా 65,536 ఆదేశాల దగ్గర ఆట హద్దు గీసింది. ఆ ఆటను తయారుచేసిన మోజాంగ్‌ను 2014లో 250 కోట్ల డాలర్లకు కొన్నది మైక్రోసాఫ్ట్. అప్పటికి సత్య నాదెళ్ల దాని సీఈవో అయి ఏడాది కూడా కాలేదు. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ సొంతూరు మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోని బుక్కాపురం. మా జిల్లా మూలాలున్నవాడని నాదెళ్ల పేరు సభల్లో గర్వంగా చెప్పుకునే మనమే, ఆటలో స్క్రిప్టు రాసే పిల్లవాడిని చెడిపోయాడని తీర్మానిస్తాం.

అవతలివాళ్ల మాటల్లో న్యాయమైనది ఒక్కటుంది, దాన్ని దాచను. తనంతట తాను మొదలయ్యేది అదుపు తప్పుతుందన్న భయం నిజమే. దీనికి మన నేలలోనే సరైన సాక్ష్యం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ మెట్టలో సేద్యమంటే బోరు, బోరంటే మోటారు. కరెంటు అర్ధరాత్రి ఇస్తే అర్ధరాత్రే చేనికి పోయి మీట నొక్కాల్సి వచ్చేది. చీకట్లో పాములు, తేమ నేల మీద తీగలు. అందుకే రైతులు ఆటోస్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు రాగానే అదే మోటారును మొదలుపెడుతుంది. ఆటోస్టార్టర్ పెట్టాడు కాబట్టి ఇతను సాగు చేయడం లేదని ఏ రచ్చబండ మీదా ఎవరూ అనలేదు. మడికి ఎన్ని తడులు కావాలో, ఏ గేట్‌వాల్వు తిప్పాలో, బోరులో నీళ్లెన్నో అతనే చూసుకోవాలి.

కానీ విద్యుత్ సంస్థలు ఆటోస్టార్టర్లు తీసేయమన్నాయి. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు దీనిపై పెద్ద ప్రచారమే జరిగింది. కారణం తెలిసిందే. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పైగా నీళ్లు ఉన్నాయో లేదో చూడకుండా మోటారు తిరిగితే భూగర్భ జలమూ ఖాళీ, మోటారూ కాలుతుంది. అయితే ఇందులో తప్పు ఎక్కడుంది? ఒక పరికరం ఇంకో పరికరాన్ని మొదలుపెట్టడంలో లేదు. పక్కవాటి సంగతి చూడకుండా, ఆలస్యం అమర్చకుండా, నీళ్లు లేనప్పుడు ఆగే ఏర్పాటు లేకుండా మొదలుపెట్టడంలో ఉంది. ఈ ఏర్పాట్లకు టైమర్లూ డ్రై రన్ రక్షణ పరికరాలూ బజారులో ఉండనే ఉన్నాయి.

బిట్‌బర్నర్‌లో కొత్తవాడు చేసే తప్పు అచ్చం ఇదే. దొరికిన సర్వర్లన్నిటి నుంచీ ఒకే లక్ష్యం మీదికి హ్యాక్ స్క్రిప్టులను ఒక్కసారిగా వదులుతాడు. లక్ష్యం క్షణాల్లో ఖాళీ, భద్రత ఆకాశానికి, తర్వాత వచ్చినవన్నీ ఉత్త చేతులతో తిరుగుముఖం. ఒక లూప్‌లో కాసేపు ఆగమన్న ఆదేశం పెట్టడం మరిచిపోతే ఆట మొత్తం కొయ్యబారిపోతుంది. అక్కడ నష్టం ఆటలో డబ్బు మాత్రమే. బయటి ప్రపంచంలో ఇదే తప్పు ఎంతకు తెస్తుందో 1988 నవంబరు 2న తెలిసింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్, అంటే తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాం, ఒక కంప్యూటర్లో తన నకలు ఇప్పటికే ఉందా అని చూసేది. కానీ ఉన్నా సరే ఏడింట ఒకసారి కొత్త నకలు కూడా అక్కడే ఉండిపోయేలా అతనే రాశాడు. ఆ ఒక్క నిర్ణయంతో నకళ్లు పేరుకుపోయి అప్పటి ఇంటర్నెట్‌లో వేల యంత్రాలు చతికిలబడ్డాయి. ఇప్పటికే నడుస్తోందా అన్న ప్రశ్నకు సరైన జవాబు రాయడం ఎంత ముఖ్యమో ఆటలో నష్టపోయి నేర్చుకున్నవాడు అదృష్టవంతుడు.

ఇంకొకరు రాసిపెట్టిన స్క్రిప్టులను తెచ్చి అతికించి, డబ్బు పెరుగుతుంటే చూస్తూ కూర్చునేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల విషయంలో పెద్దల కోపం సబబే. కానీ అది నకలు కొట్టడం మీద రావాల్సిన కోపం, స్క్రిప్టుతో స్క్రిప్టును నడపడం మీద కాదు. నకలు కొట్టేవాడు ఒక్క స్క్రిప్టునైనా నకలే కొడతాడు.

అసలు సమస్య ఆటల్లో లేదు, మన కాలేజీల ల్యాబ్ రికార్డుల్లో ఉంది. ఫ్యాక్టోరియల్, ప్రధాన సంఖ్యలు, అక్షరాలను తిరగేయడం. ఒక ప్రోగ్రాం, ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్, కింద సంతకం. ఆ ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో కలిసి బతకాల్సి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న నాలుగేళ్లలో చాలామందికి ఎదురే కాదు. లేపాక్షి నుంచి 120 కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎదురవుతుంది. అక్కడ ప్రోగ్రాం ఒంటరిగా ఉండదు. ఒకటి ఇంకొకదాన్ని మొదలుపెడుతుంది, అది మూడోదానికి కబురు పంపుతుంది, మధ్యలో ఒకటి చచ్చిపోతే రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది.

ఈ ప్రాంతానికి పెద్ద పెద్ద హామీలు కొత్త కాదు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. హబ్ రాలేదు, కేసులు వచ్చాయి. వేల ఎకరాలు తేలేని విద్యలో ఒక ముక్క బ్రౌజర్‌లో ఉచితంగా తెరుచుకుంటుంటే దాన్ని కాలితో తన్నడం ఏం తెలివి?

కాబట్టి కంప్యూటర్ ల్యాబ్ నడిపే అయ్యవార్లకు ఒక విన్నపం. రికార్డులో ఒక్క అభ్యాసం చేర్చండి. 8 జీబీ హద్దు పెట్టి, ఒక స్క్రిప్టు చేత మూడు చిన్న స్క్రిప్టులను నడిపించమనండి. నడిచినందుకు సగం మార్కులే వెయ్యండి. మిగతా సగం ఈ ప్రశ్నలకు ఉంచండి: మొదలుపెట్టినది మొదలవకపోతే నీకెలా తెలుస్తుంది? ఇప్పటికే నడుస్తుంటే ఏం చేస్తావు? ఎన్నిటిని దాటాక ఆపుతావు? ఇళ్లలో పెద్దలు కూడా పిల్లలను తిట్టేముందు ఈ మూడు ప్రశ్నలే అడగండి. జవాబులు చెప్పగలిగితే వాడు చదువుకుంటున్నాడు. చెప్పలేకపోతే అప్పుడు తిట్టండి.